ఇంచు పలక, ఆరు నూలు

కొత్తగా టింబర్ డిపో పెట్టుకునేవాళ్ళు, డిపోల్లో కౌంటరు మీద పనికి చేరేవాళ్ళు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. ఏ కట్టె చెదలకు ఆగుతుంది, ఏది ఎండకు మెలి తిరుగుతుంది, టేకులో చేవ ఎంత ఉందో ఎట్లా కనిపెట్టాలి అని అడుగుతారు. చెప్తాను. అవి ఆరు నెలలు కట్టెల మధ్య తిరిగితే ఎవరికైనా వస్తాయి. నేను చిక్కడపల్లిలో ఒకే డిపోలో ముప్పై ఏళ్ళకు పైగా కొలతలు చూసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. అన్నేళ్ళలో నేను నిజంగా నేర్చుకోవలసింది ఒకటే ఉండింది. అది చాలా ఆలస్యంగా, ఇంకొకరి చెయ్యి విరిగాక నేర్చుకున్నాను. దాని గురించే ఇది రాస్తున్నాను. చదవడానికి సరదాగా ఉండదని ముందే చెప్తున్నాను.

సేటు చెప్పిన ఇంచు

మా సేటు మంచివాడో చెడ్డవాడో ఇప్పటికీ తేల్చుకోలేను. తిండి పెట్టాడు, పని నేర్పాడు, ఆ పనితో పాటు ఒక అలవాటు కూడా అంటించాడు. చేరిన మొదటి వారంలోనే నేను ఒక పలక అంచు మీద స్కేలు పెట్టి చూసి, ఇది ఇంచు కాదు, ముప్పావే ఉంది సేటూ అన్నాను. మొద్దు కోసేటప్పుడు ఇంచే, రంపానికి కొంత పోతుంది, చిత్రిక పట్టాక ఇంకొంత పోతుంది, మిగిలింది ఇది అన్నాడు. మరి ఇంచని ఎందుకు అమ్ముతున్నాం అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది.

"ఇంచ్ అనేది దాని పేరు భాయ్. నీ పేరు లక్ష్మణ్. నువ్వు రాముని తమ్మునివా?"

మా కట్టెల లెక్కలో ఇంచుకు ఎనిమిది నూలు. మేము ఇంచని అమ్మే పలకలో ఉండేది ఆరు నూలు. మా ఒక్క డిపోలోనే కాదు, బజారంతా అంతే. వడ్రంగులకు తెలుసు, మేస్త్రీలకు తెలుసు. తెలియనిది కొనుక్కుని ఇంటికి తీసుకుపోయేవాడికి మాత్రమే. అల్మారాకో, తలుపు రెక్కకో అయితే దానివల్ల వచ్చే ప్రమాదమేమీ లేదు, ఆ మాట కూడా నిజమే. అందుకని దాన్ని ఎవరూ మోసం అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

కానీ రోజుకు యాభైసార్లు ముప్పావును ఇంచు అని పిలుస్తుంటే కొన్నాళ్ళకు ఒకటి జరుగుతుంది. ఎదుటివాడు నమ్మడం అట్లా ఉంచండి, మనమే నమ్మేస్తాం. లెక్క వేసేటప్పుడు మనసులో ఇంచే వేసుకుంటాం, చేతికి ఇచ్చేది మాత్రం ఆరు నూలు. నాకు జరిగింది అదే.

చెట్ల పెట్టెలు

తొంభైలలో అశోక్ నగర్, చిక్కడపల్లి గల్లీల్లో పెంకుటిళ్ళు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. స్థలం బిల్డరుకు ఇచ్చేసి, పైన లేచిన అపార్ట్‌మెంట్‌లో ఒకటో రెండో ఫ్లాట్లు తీసుకునేవాళ్ళు. నిన్నటిదాకా పెరట్లో జామచెట్టు, కరివేపాకు చెట్టు ఉన్నవాళ్ళు మూడో అంతస్తు బాల్కనీలో తేలేవాళ్ళు. గృహప్రవేశం అయిన నెలకల్లా మా డిపోకు వచ్చి, మొక్కలు పెట్టుకోవడానికి చెక్కపెట్టె చేయించుకోవాలి, ఏ సైజు కట్టె కావాలి అని అడిగేవాళ్ళు. వాళ్ళ పాత ఇంటి దూలాలు, ద్వారబంధాలు మా డిపోలోనే ఒక మూల పడి ఉండేవి. కొందరు గుర్తుపట్టి వాటిని చేత్తో తడిమేవాళ్ళు. అప్పుడు నేను ఏదో పని కల్పించుకుని అవతలికి పోయేవాణ్ణి.

చెట్ల పెట్టెకు కొలత చెప్పడం బ్రహ్మవిద్య కాదు. పొడి మన్నును చూసి లెక్క కట్టకూడదు, నీళ్ళు తాగిన మన్నును తలుచుకుని కట్టాలి. నాలుగడుగుల పొడవు, పదిహేనించుల వెడల్పు ఉన్న పెట్టెలో తొమ్మిదించుల మన్ను నింపి తడిపితే ముగ్గురు మనుషులు ఎక్కి కూర్చున్నంత బరువు. కాబట్టి అడుగు పలకలు పొడుగునా వెయ్యకుండా అడ్డంగా వెయ్యాలి. పొడుగునా వెయ్యక తప్పకపోతే కింద అడ్డ బద్దలు కొట్టాలి. నీళ్ళు దిగడానికి పలకల మధ్య వేలు దూరనంత సందు వదలాలి. పక్క పలకలు పొట్ట ఉబ్బకుండా నడుమ ఒక గుంజ నిలపాలి. ఇంతే.

మరీ మందం ఎక్కువైనా కష్టమే. ఒక పెద్ద ఆఫీసరుగారు వచ్చి, తనకు అన్నీ టేకువే కావాలని, అదీ రెండించుల మందం కావాలని పట్టుబట్టారు. వద్దు సార్ అన్నాను. నీకేం తెలుసు అన్నట్టు చూశారు. పెట్టె తయారయ్యాక నలుగురు పట్టినా ఖాళీ పెట్టే మెట్లెక్కలేదు. చివరికి అది పోర్టికోలోనే ఉండిపోయి వాళ్ళ కుక్కకు మంచమైంది. ఆ కథ చెప్పుకుని చాలా ఏళ్ళు నవ్వుకున్నాం. కొనేవాళ్ళకు కొలతలు తెలియవు, మాకు తెలుసు అన్న పొగరు ఆ నవ్వులో ఉండేదని నాకు తరువాత అర్థమైంది.

వెంకటరత్నంగారి మంచం

వెంకటరత్నంగారు దర్జీ. గుంటూరు వైపు నుంచి వయసులో ఉండగానే వచ్చి నారాయణగూడలో దుకాణం పెట్టుకున్నారు. ఆయన కుట్టిన ప్యాంటు నేనూ తొడుక్కున్నాను. అశోక్ నగర్‌లో ఆయన చిన్న పెంకుటిల్లు కూడా అపార్ట్‌మెంట్ అయింది. కొత్త ఫ్లాటులోకి మారిన ఏడాదికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. దుకాణం మూసేశారు. ఒంటి చేత్తో బట్ట కత్తిరించడం కుదరదు కదా.

ఆయన భార్య సుభద్రమ్మగారు డిపోకు వచ్చి నన్ను ఇంటికి రమ్మన్నారు. మామూలుగా నేను ఇళ్ళకు వెళ్ళి కొలతలు తీసుకోను. ఆయన పేరు చెప్పారని వెళ్ళాను. బాల్కనీ తలుపు పక్కనే ఇనుప మంచం మీద ఆయన కుడివైపుకు ఒత్తిగిలి పడుకుని ఉన్నారు. తనకు ఏం కావాలో ముందే బాగా ఆలోచించి పెట్టుకున్నారు. తలుపు తెరిచి మంచాన్ని గడప దాకా జరిపితే అవతల పెట్టె మంచానికి ఆనుకుని ఉండాలి. పెట్టె అంచు పరుపు ఎత్తుకు సమానంగా ఉండాలి. పడుకున్న చోటి నుంచే కుడిచెయ్యి చాపితే మోచేతి దాకా మన్నులోకి వెళ్ళాలి.

"ఈ చెయ్యి ఊరికే ఉండలేకపోతోందండీ. అన్నం తినడానికి రోజుకు రెండుసార్లు, అంతే దీనికి పని. మన్నులో పెట్టుకుంటే దానికీ ఒక పనుంటుంది."

ఆ పెట్టె నేను దగ్గరుండి చేయిస్తానని మాటిచ్చాను. నేల నుంచి పరుపు పైదాకా ఇరవై రెండు ఇంచులు. పెట్టె లోతు పది, కింద పన్నెండించుల కాళ్ళు. పొడవు నాలుగడుగులు, వెడల్పు పదిహేనించులు. ఆయన మంచం మీది నుంచే అన్నీ విని, పలక మందం ఎంత అని అడిగారు. ఇంచు అన్నాను. "ఇంచు చాలా?" అన్నారు. ఇంచు చాలా ఎక్కువ సార్ అన్నాను.

ఎల్లయ్య అడిగిన బద్దలు

పెట్టె చేసింది ఎల్లయ్య. పాలమూరు నుంచి వచ్చి బాగ్ లింగంపల్లి బస్తీలో కిరాయికి ఉండేవాడు. మాట తక్కువ, పని శుభ్రం. మా డిపోలో అప్పుడు నాలుగడుగుల మామిడి పలకలు చాలా మిగిలి ఉన్నాయి. వాటిని అడ్డంగా ముక్కలు చేస్తే చివర్లు వృథా అవుతాయని అడుగుకు పొడుగునా వేయమన్నాను. మా డిపోల్లో ఉన్న పెద్ద రోగం ఇది. కొనేవాడికి ఏం కావాలో దాన్ని బట్టి కట్టె కొయ్యం, మా దగ్గర ఏం మిగిలిందో దాన్ని బట్టి వాడి అవసరాన్ని కోస్తాం.

పలకలు పరిచి చూసి ఎల్లయ్య లేచి నిలబడ్డాడు.

"సార్, కింద నడిమిట్ల రెండు బద్దలు ఏస్తే మంచిగుంటది. తడి మన్ను ఊకె ఉండదు."

బద్దలకు రెండించుల కట్టె చీల్చాలి. ఆ రోజు సా మిల్లులో కరెంటు లేదు. మరునాటి దాకా ఆగాలి. ఆగితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. వెంకటరత్నంగారు అన్ని నెలలు ఆగినవారు ఇంకొక రోజు ఆగేవారు. కానీ నేను అన్నాను, ఇంచు పలక నాలుగడుగులకు ఎందుకు ఆగదు, కొట్టెయ్ అని. ఇంచుకు నాలుగడుగులు అనేది మా బజారులో నోటిలెక్క. నిజంగా ఇంచు ఉంటే అది ఏదో తంటాలు పడి ఆగేదేమో. ఎల్లయ్య పలక అంచు వైపు ఒకసారి చూశాడు, నా వైపు ఒకసారి చూశాడు. మీరు చెప్తే చేస్త సార్ అని సుత్తి అందుకున్నాడు.

మందంలో పావు వంతు తగ్గితే బలం కూడా పావు వంతే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. దాదాపు సగం పోతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆ రోజు నాకు గుర్తు రాలేదు, ఎందుకంటే నా మనసులో ఆ పలక ఇంచే ఉంది.

మెంతికూర

మూడు వారాల తరువాత చూడటానికి వెళ్ళాను. పెట్టెలో మెంతికూర జానెడు లేచింది, ఒక పక్క మిరప నారు పెట్టారు. ఆయన ముఖం మారిపోయింది. చేతి గోళ్ళ నిండా మన్ను. సుభద్రమ్మగారు ఆ చెయ్యి కడుక్కోమని పోట్లాడుతున్నారు, ఆయన చిన్నపిల్లాడిలా దుప్పటి కింద దాచుకుంటున్నారు. పొద్దున లేవగానే చెయ్యి మన్నులో పెట్టి, బట్ట పోగును చూసినట్టు వేళ్ళ మధ్య నలిపి, ఈ రోజు నీళ్ళు పొయ్యాలో వద్దో చెప్తారట. నా బతుకులో కట్టె అమ్మి అంత సంతోషపడ్డ రోజు ఇంకొకటి లేదు.

నేను లేవబోతుంటే ఆయన ఒక మాట అన్నారు. నీళ్ళు పోసినప్పుడల్లా అడుగు కొంచెం దిగుతున్నట్టుందండీ, మొదట్లో పెట్టె అంచుకు వేలు మందం కిందుండే మన్ను ఇప్పుడు రెండు వేళ్ళ కిందికి పోయింది అని. ఒక దర్జీ చెయ్యి చెప్పిన కొలత అది. నేను వంగి పెట్టె కింద చూడవలసింది. చూడలేదు. కొత్త కట్టె సార్, కొంచెం సర్దుకుంటుంది అని చెప్పులు వేసుకున్నాను.

ఎల్లయ్య బద్దలు అడిగినప్పుడు నేను చేసింది తప్పు. ఇక్కడ చేసింది తప్పు కంటే ఎక్కువ. దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు.

వాన వారం

ఆ ఏడాది వాన ఆగకుండా వారం రోజులు పడింది. బాల్కనీ లోపలికి జల్లు కొట్టి మన్ను ముద్దయిపోయింది. ఒక మధ్యాహ్నం, ఆయన చెయ్యి మన్నులో ఉండగానే, అడుగు పలకలు మేకులతో సహా ఊడి కిందికి దిగాయి. మంచం వైపు కాలు లోపలికి మడతపడింది. పెట్టె మొత్తం మంచం మీదికి ఒరిగి, దాని అవతలి అంచు వచ్చి ఆయన మణికట్టు మీద పడింది. కింద మంచం ఇనుప పట్టీ ఉంది. సుభద్రమ్మగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి మన్ను తోడి చెయ్యి బయటికి తీసేసరికి అది వేలాడిపోతోందట.

కట్టు కట్టారు. నెలన్నర తరువాత కట్టు విప్పితే ఎముక అతుక్కుంది కానీ వేళ్ళు ముడుచుకోవడం లేదు. ముద్ద పట్టుకోలేకపోయారు. అప్పటి నుంచి సుభద్రమ్మగారే తినిపించారు.

తప్పు వడ్రంగిదని అందరూ అనుకున్నారు. మేకులు సరిగ్గా కొట్టలేదన్నారు. ఆ బిల్డింగులో ఎల్లయ్యకు మాట్లాడిన తలుపుల పని పోయింది, పక్క బిల్డింగులో కూడా పోయింది. అతను డిపోకు వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు.

"సార్, నేను బద్దలు అడిగిన్నని ఒక్క మాట చెప్పుండ్రి. మీరు చెప్తే నమ్ముతరు."

చెప్తానన్నాను. వెంటనే వెళ్ళలేదు. ఈ రోజు సరుకు వచ్చింది, రేపు సేటు ఊళ్ళో లేడు అని నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. కట్టు విప్పే దాకా నా కాళ్ళు అశోక్ నగర్ వైపు పడలేదు. అప్పటికి ఎల్లయ్య పెళ్ళాం పిల్లలతో బస్తీ ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఊరికి పోయాడని కొందరన్నారు, బొంబాయి అని కొందరన్నారు. మళ్ళీ నాకు కనిపించలేదు.

టేపు

నేను వెళ్ళగానే ఆయన కూర్చోమన్నారు. సుభద్రమ్మగారు మంచం కింద నుంచి ఊడిపడిన అడుగు పలక ఒకటి తీశారు. ఆయన తల ఊపితే, దుకాణంలో వాడిన పాత టేపు తెచ్చి ఆ పలక అంచుకు పెట్టారు. నేను చూడనవసరం లేదు. అయినా చూశాను.

"మీరు ఇంచన్నారు కదండీ," అన్నారాయన.

మేము దాన్ని ఇంచనే అంటామండీ అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే రోత పుట్టింది. రంపానికి పోయేది, చిత్రికకు పోయేది చెప్పుకొచ్చాను. ఎల్లయ్య బద్దలు అడిగాడని, వద్దన్నది నేనేనని, తప్పంతా నాదని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"మాకూ పోతుందండీ బట్ట, కుట్లలోకి. ఆ పోయేది ముందే కలిపి కత్తిరిస్తాం. తొడుక్కునేవాడికి ఒళ్ళు పట్టాలి కదా."

ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

నేను ఇంకొక పెట్టె చేయించాను. ఈసారి మద్ది కట్టె, చిత్రిక పట్టాక నిలిచిన మందం పది నూలు, అంటే ఇంచుంపావు. అడుగు పలకలు అడ్డంగా, కింద రెండు బద్దలు, వాటి కింద నడుమ కూడా కాళ్ళు, మేకులకు బదులు స్క్రూలు. దగ్గరుండి మోయించి అదే చోట పెట్టించాను. ఆయన టేపు తెమ్మన్నారు. సుభద్రమ్మగారు ప్రతి పలకా కొలిచి చెప్తుంటే పడుకుని విన్నారు. చివరికి పరుపు మీద అట్లాగే పడి ఉన్న కుడిచేతి వైపు చూశారు.

"ఇప్పుడు కొలత సరిపోయిందండీ. చెయ్యే లేదు."

సుద్దముక్క

మరునాడు డిపోకు వెళ్ళి సుద్దముక్క తీసుకుని ప్రతి పలక మీద దాని అసలు మందం రాయడం మొదలుపెట్టాను. ఆరు నూలు, ఆరు నూలు, ఐదున్నర నూలు. కొనడానికి వచ్చినవాళ్ళు అది చదివి, పక్క డిపోలో ఇంచు పలక ఉందట అని అటు వెళ్ళేవాళ్ళు. పక్క డిపోలో ఉన్నదీ ఆరు నూలే. పదకొండు రోజులు రాశాను. పన్నెండో రోజు సేటు తడిగుడ్డ తెచ్చి నా చేతికిచ్చాడు. కోప్పడలేదు. నీ బాధ నాకు తెలుసు, దుకాణం కూడా నడవాలి కదా అన్నాడు. నేను తుడిచేశాను.

ఇక్కడ నేను రాజీనామా చేసి బయటికి నడిచానని రాస్తే చదవడానికి బాగుండేది. నేను నడవలేదు. ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి ఆరు నూలు పలకను ఇంచని అమ్మాను. ఎవరైనా చెట్ల పెట్టె అన్నప్పుడు మాత్రం కౌంటరు దాటి వచ్చి, వాళ్ళ చేతికి స్కేలు ఇచ్చి వాళ్ళనే కొలుచుకోమనేవాణ్ణి. నేను చేసిన దిద్దుబాటు అంతే, అది చాలా చిన్నది. కొత్తగా వచ్చేవాళ్ళకు ఒకటే చెప్తాను. బజారు మాట బజారులో అనండి, తప్పదు. కానీ లెక్క వేసే ముందు ప్రతిసారీ స్కేలు పెట్టి చూడండి, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నా సరే. కట్టె మీద పనిచేసేవాడు బద్ద కావాలంటే ఆ పూట పని ఆపండి. మన్నులో చెయ్యి పెట్టినవాడు అడుగు దిగుతోందంటే వంగి చూడండి.

వెంకటరత్నంగారు ఆ తరువాత రెండేళ్ళు ఉన్నారు. ఆయన పోయాక సుభద్రమ్మగారు పెట్టెను డాబా మీదికి ఎక్కించారు. నేను రిటైరయ్యాక ఒకసారి వెళ్తే, వాటర్ ట్యాంకు పక్కన కనిపించింది. అందులో ఎవరూ ఏమీ నాటలేదు. ఆయన ఉన్నప్పుడు కూడా నాటలేదని, నేను నాటుతాను మీరు చెప్పండి అంటే ఆయన వద్దన్నారని సుభద్రమ్మగారు అప్పుడు చెప్పారు. నా జేబులో స్కేలు ఉంది. పాత అలవాటు. వంగి అడుగు చూశాను, అంచు మీద స్కేలు పెట్టాను. అన్ని వానల్లో తడిసినా పది నూలు పది నూలే ఉంది. ఎక్కడా వెంట్రుకవాసి కూడా వంగలేదు.